అమ్మ బుధవారాలు

పోయిన నెల మా తమ్ముడి కూతురు హారిక బెంగళూరు నుంచి వచ్చి తిరుపతిలో మా ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్ళింది. వచ్చీ రాగానే సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని, "అత్తా, ఇది చూడు" అని ఫోను నా ముక్కుకు ఆనించినంత పని చేసింది. ఫోనులో ఒక బాట. తారు లేదు, సిమెంటు లేదు. తెల్లటి రాళ్ళు పరిచిన బండ్లబాట. దానికి అటూ ఇటూ ద్రాక్షతోటలు. మన మాదిరి పందిళ్ళ మీదికి పాకించినవి కావు, నడుమెత్తుకు కత్తిరించి వరసలు తీర్చిన పొదలు. దూరంగా రాతి ఇళ్ళు, వాటి మధ్య ఒక చర్చి గోపురం. ఆ బాట మీద, తలకు గట్టి టోపీ బిగించుకుని, లావు టైర్ల సైకిలు మీదికి వంగిపోయి మా హారిక. ఫ్రాన్సు దేశమంట. ఆఫీసు స్నేహితులతో కలిసి సెలవు పెట్టి, విమానమెక్కి పోయి, అక్కడి పల్లెల గుండా సైకిళ్ళు తొక్కి వచ్చారంట. "దీన్ని గ్రావెల్ బైకింగ్ అంటారత్తా" అంది గొప్పగా.

నాకు నవ్వాగలేదు. "గ్రావెల్ అంటే నాకు తెలియదనుకున్నావా? రోడ్డు పనోళ్ళు లారీల్లో తెచ్చి కుమ్మరించేదే గదా. తారు రోడ్డు కావాలని మేము ఎమ్మెల్యేల చుట్టూ తిరిగినాము. మీరేమో తారు లేని రోడ్డు ఎక్కడుందా అని దేశాలు దాటి వెతుక్కుంటా ఉండారు" అన్నాను. హారిక ఏమీ తగ్గలేదు. ఒక్కో బొమ్మా చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. కాలువ గట్టు వెంబడి పోయే బాట, దాని పొడుగునా తెల్లటి మానులు. ఆవుల కొట్టాల మధ్య నుంచి దూరి పోయే బాట. అడవిలో రాలిన ఆకుల కింద రాళ్ళు కనపడక ఈమె పడి మోచెయ్యి దోక్కుపోయిన బాట. మధ్యాహ్నమైతే ఆ పల్లెల్లో అంగళ్ళన్నీ మూసేస్తారంట, కిటికీలు కూడా చెక్క తలుపులేసి బిగించేస్తారంట, పలకరించడానికి ఒక మనిషి కనపడడంట. మరి నీళ్ళయిపోతే ఏం చేస్తారే అని అడిగితే, "శ్మశానానికి పోతాం" అంది. సమాధుల మీద పెట్టిన పూలమొక్కలకు పోసేందుకు ప్రతి ఊరి శ్మశానంలోనూ ఒక కుళాయి ఉంటుందంట, సైకిళ్ళవాళ్ళందరికీ అదే చలివేంద్రమంట. "ఓసి నీ పాసుగూల, శ్మశానంలో నీళ్ళు తాగొచ్చినావా? మీ నాయనకు చెప్పినావా?" అని గుండెల మీద చెయ్యేసుకున్నాను.

ఆ నవ్వులన్నీ అయినాక, ఊరికే మాట వరసకు, "ఇంతకూ ఎక్కడికి పోతా ఉంటిరి అట్లా?" అని అడిగాను. హారిక ఫోనులోంచి తలెత్తకుండా, "ఎక్కడికీ లేదత్తా. పొద్దున ఒక ఊళ్ళో బయల్దేరతాం, చుట్టూ తిరిగి సాయంత్రానికి మళ్ళీ ఆ ఊరికే వస్తాం" అంది. 'ఎక్కడికీ లేదు' అనే జవాబు నా చిన్నతనంలో ఒక మనిషి నోట విన్నాను. ఆ మనిషి ఈ పిల్ల నాయనమ్మ, మా అమ్మ. ఆ జవాబు మీద మా ఇంట్లో ఎంత గొడవ జరిగిందో హారికకు తెలియదు. వాళ్ళ నాయనకు గుర్తుందో లేదో. అమ్మ ఇప్పుడు లేదు, మా అవ్వ అంతకు ఎంతో ముందే పోయింది. ఇక చెప్పాల్సింది నేనే గదా అని మొదలుపెట్టాను.

మా ఇల్లు చంద్రగిరిలో, కోటకు పోయే దారిలో ఉండేది. నాయనకు బజారులో చిల్లర అంగడి. ఇంట్లో నాయన, అమ్మ, నేను, తమ్ముడు, అందరి మీదా అవ్వ. అవ్వ అంటే నాయన తల్లి. పక్క వాకిలి పెదనాయనది, రెండిళ్ళకూ కలిపి ఒకటే తిన్నె. ఆ తిన్నె మీద పొద్దున కళ్ళాపి చల్లినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా అవ్వదే రాజ్యం. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో వక్కాకు సంచి పెట్టుకుని కూర్చునేది. ఎవరు ఏ బుట్టలో ఏం పట్టుకుపోతున్నారో ఆమెకు తెలియకుండా ఆ వీధి దాటడం కుదిరేది కాదు. ఇల్లంతా ఏదో ఒక వాసన ఉండేది. పొద్దున సంగటి కెలికే వాసన, సాయంత్రం శెనక్కాయలు వేయించి రోట్లో నూరే ఊరుబిండి వాసన. నాయన చొక్కాకు బెల్లం, చింతపండు, కిరసనాయిలు మూడూ కలిసిన వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు, మేము ఆయన్ను చీకట్లో కూడా గుర్తుపట్టేవాళ్ళం. చలికాలంలో ఊరవతల చెరకు తోటల్లో బెల్లం కాచే వాసన గాలి మీద వచ్చి వీధిలో పడితే పిల్లలమందరం చదువులు వదిలేసి ముక్కులు ఎగరేసేవాళ్ళం.

అవ్వకు పట్టింపులు చాలా ఉండేవి గానీ, అన్నిటికన్నా గట్టిది ఒకటుంది. గడప దాటబోయే మనిషిని 'ఎక్కడికి' అని అడగకూడదు. ఇది మన తెలుగువాళ్ళందరికీ తెలిసిందే, కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కాకపోతే మిగతా ఇళ్ళల్లో ఎవరైనా నోరు జారితే 'అపశకునం' అని ఒక విసుగు విసుక్కుని పోతారు. మా ఇంట్లో అడిగినవాళ్ళ నెత్తి మీద మొట్టికాయ పడేది. అడిగించుకున్నవాళ్ళు లోపలికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయల్దేరాలి. తమ్ముడు ఒకసారి నోరు జారినందుకు నాయన ఇట్లాగే లోపలికొచ్చి కూర్చుని మదనపల్లె బస్సు పోగొట్టుకున్నాడు. తెలుసుకోవాలని మరీ నాలుక పీకేస్తుంటే 'దూరమా?' అని అడగొచ్చు. 'దూరమే' అనో, 'ఈడికే' అనో జవాబొస్తుంది. దాంతో సరిపెట్టుకోవాలి.

ఇక సైకిలు సంగతి. అది మాది కాదు. మా ముందు గదిలో కొన్నాళ్ళు ఒక టీచరమ్మ బాడుగకు ఉండేది, పచ్చరంగు లేడీస్ సైకిలు మీద బడికి పోయేది. ఆమెకు బదిలీ అయినప్పుడు లారీలో సామాను నిండిపోయి సైకిలుకు చోటు చాల్లేదు. "ఉండనీండి, మనిషిని పంపించి తెప్పించుకుంటా" అని పోయింది. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. ఆ సైకిలు పంచలో నిలబడి నిలబడి, అవ్వ తడిచీర ఆరేసుకునే దండెమై, కోళ్ళు రాత్రిపూట ఎక్కి పడుకునే అటకై, చూడ్డానికే జాలేసేది. నాయన అప్పటికి ఒక మోపెడ్డు కొనుక్కున్నాడు కాబట్టి ఆయనకు దాని అవసరం లేదు. ఉన్నా, ఆడవాళ్ళ సైకిలు తొక్కి బజారులో నవ్వులపాలు కాడు గదా.

బుధవారం మధ్యాహ్నం నాయన అంగడి మూసి సరుకుల కోసం తిరుపతికి పోయేవాడు. ఆ పూట ఇంట్లో పని తక్కువ. అట్లాంటి ఒక బుధవారం, అన్నాలయినాక, అమ్మ కొంగు నడుముకు దోపి, సైకిలు మీది గోనె సంచి తీసేసి, దాన్ని వాకిట్లోకి తెచ్చి కడగడం మొదలుపెట్టింది. తమ్ముణ్ణి పంపి పెదనాయన ఇంటి నుంచి గాలి పంపు తెప్పించింది. గాలి కొట్టి, బ్రేకు నొక్కి చూసి, ఇక మేమందరం ఏదో శుభ్రం చేస్తోందనుకుంటుండగానే చెంగుమని ఎక్కి కూర్చుని వీధి చివరిదాకా పోయి వచ్చింది. మేము నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. "ఓమ్మో, దీనికి సైకిలొచ్చునా! ఇన్నేండ్లూ సెప్పనేలేదే!" అంది అవ్వ. అమ్మ దిగి, ఆయాసపడుతూ, "ఎవురూ అడగలే గదత్తా. పుత్తూర్లో మా యన్న నేర్పించినాడు" అంది. ఆమె మొహం అంత ఎర్రగా వెలగడం నేను అప్పటిదాకా చూడలేదు. మా అమ్మకు మా ఇంటికి రాకముందు కూడా ఒక బతుకు ఉండిందని నాకు తెలిసిందే ఆ రోజు.

మొదట్లో ఏదో ఒక పని పెట్టుకునే పోయింది. తొండవాడలో చుట్టాలకు ఊరగాయ ఇచ్చి రావడం, మంగాపురం గుళ్ళో దండం పెట్టుకుని రావడం. తర్వాత తర్వాత ఖాళీ చేతులతో పోవడం మొదలుపెట్టింది. బుధవారం పప్పు పులుసు గిన్నెలు కడిగి బోర్లించేది, చీర కాస్త ఎత్తి కట్టుకునేది, అవ్వ వైపు చూసి "పొయ్యొస్తా అత్తా" అనేది. అవ్వ వక్క నములుతూ "దూరమా?" అనేది. "కొంచెం దూరమే" అనేది అమ్మ. అంతే, కోట గోడ మలుపు తిరిగి మాయమైపోయేది. పొద్దు వాలే వేళకు, మొహాన దుమ్ముతో, జుట్టు రేగిపోయి, అలిసిపోయి, ఏదో పండక్కి పోయొచ్చినట్టు తిరిగొచ్చేది. ఏమీ తెచ్చేది కాదు. ఒక పండు లేదు, ఒక పూవు లేదు. మాకేమో లోపల పురుగు తొలిచేస్తున్నట్టుండేది. ఎక్కడికి పోతోంది? అడిగితే మొట్టికాయ.

అడక్కుండా తెలుసుకునే దారి తమ్ముడు కనిపెట్టాడు. అమ్మ కాళ్ళు కడుక్కోవడానికి పోగానే మేమిద్దరం సైకిలు పక్కన గొంతుక్కూచుని టైర్లు పరిశీలించేవాళ్ళం. తెల్ల ఇసక అంటుకుని ఉంటే స్వర్ణముఖి ఏట్లోకి దిగి వచ్చిందన్నమాట. నల్ల బురద ఉంటే చెరకు తోటల కాలువ గట్టు. ఎర్రటి దుమ్ము టైర్లకే కాక మడ్‌గార్డుల లోపల కూడా పట్టి ఉంటే అది డ్యాం రోడ్డు. కల్యాణి డ్యాం కట్టేటప్పుడు లారీల కోసం ఎర్ర గ్రావెల్ పోసి ఒక రోడ్డు వేశారు. డ్యాం పని అయిపోయి లారీలు పోయాయి, రోడ్డు మాత్రం మామిడి తోపుల మధ్య, కొండల కింద, ఎవరికీ పనికిరాకుండా మిగిలిపోయింది. అమ్మ చీర అంచుకు ఉత్తరేణి గింజలు అతుక్కుని వచ్చేవి. వాటిని ఏరుతున్నట్టు నటిస్తూ మేము ఎన్ని ఉన్నాయో, ఏ వైపు ఉన్నాయో చూసుకుని, గుసగుసలాడుకుని, పెద్ద పోలీసుల మాదిరి తలలాడించేవాళ్ళం. ఏ దారిన పోయిందో తెలిసేది. ఎందుకు పోయిందో టైర్లు చెప్పేవి కాదు.

ఊళ్ళోవాళ్ళకు మాకున్నంత ఓపిక లేదు. ఫలానావారి కోడలు రంగంపేట కాడ ఒంటరిగా సైకిలు మీద కనపడిందంట, ఇంకో వారం ఏటి ఒడ్డున నిలబడి ఉందంట అని మాటలు బజారు దాటి పెదనాయన చెవిన పడ్డాయి. పెదనాయన చెడ్డవాడు కాదు, పరువంటే ప్రాణం విడిచే మనిషి. ఆయన తిన్నె మీదికొచ్చి కూర్చుని అవ్వను పట్టుకున్నాడు. "ఏమ్మా, సరోజ బుధవారం బుధవారం యాడికి పోతా ఉండాది?"

"పొయ్యేదాన్ని యాడికని అడగమంటావా? బుద్ధుండాదా నీకు?" అంది అవ్వ.

"పొయ్యేటప్పుడు వద్దులే. వచ్చినాక అడగొచ్చు గదా."

"వచ్చేసింది గదరా! ఇంగ అడిగేదేముండాది?"

పెదనాయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. లోపల బియ్యం చెరుగుతున్న అమ్మ చాట అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. అవ్వ పట్టింపు మాకు చెరసాలైతే అమ్మకు గొడుగైందని నాకు అప్పుడే అర్థమైంది. అవ్వ తెలిసే ఆ గొడుగు పట్టిందా, తెలియకనా అన్నది మాత్రం తేల్చుకోలేకపోయాను.

ఆ గొడుగు ఒక బుధవారం తిరగబడింది. వానల కాలం. మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే అమ్మ పోయింది. కాసేపటికి కొండల మీద మబ్బు కమ్మి, కుండపోతగా వాన పడింది. ఆగి, మళ్ళీ పడింది. నాయన తడిసి ముద్దయి తిరుపతి నుంచి వచ్చాడు, అప్పటికి దీపాలు పెట్టే వేళ అయింది. దీపం పెట్టే మనిషి లేదు. "మీ అమ్మ యాడ?" అన్నాడు నాయన. నేనూ తమ్ముడూ అవ్వ మొహం చూశాం, అవ్వ వాన వైపు చూసింది. పెదనాయన గొడుగేసుకుని వచ్చాడు. "ఎటు పోయిందో ఎవురికీ తెలీదా? ఇంట్లో ఇంతమంది ఉండి, ఒక్కరన్నా అడగలేదా?" అని అరిచాడు. అవ్వ నోట్లో వక్క అట్లాగే ఉండిపోయింది, నమలడం మర్చిపోయింది. ఏ ఊళ్ళోనైనా మనిషి కనపడకపోతే ఫలానా చోటికని చెప్పి పోయింది అని వెతకడానికి ఒక మొదలుంటుంది. మా ఇంట్లో మంచి జరగాలని అడక్కుండా అడక్కుండా, ఆ సాయంత్రం ఇంతమంది పెద్దలూ పిల్లలూ ఉండి ఒక దిక్కు చూపించలేకపోయాం. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, "డ్యాం రోడ్డు నాయనా. పోయిన రెండు మూడు వారాలూ టైర్లకు ఎర్రమన్నే ఉండింది" అన్నాను. నాయన నన్ను వింతగా చూసి, ఇంకేమీ అడక్కుండా మోపెడ్డు వెనక ఎక్కించుకున్నాడు. పెదనాయన ఏటి వైపు పోయాడు.

ఆ ఎర్ర రోడ్డు మీద నేను పోవడం అదే మొదటిసారి. గుంటలన్నీ నిండి టమాటా రసం మాదిరి నీళ్ళు, మామిడాకుల మీంచి టపటపమని చుక్కలు. నాయన మలుపు మలుపుకూ ఆపి "సరోజా" అని కేకేసేవాడు. ఆయన అమ్మను పేరు పెట్టి పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. మూడో నాలుగో కేకకు ఒక మామిడి తోపులోంచి "ఈడుండా" అని జవాబొచ్చింది. కాపలా మనిషి గుడిసెలో, ఆయన భార్య పక్కన కూర్చుని, అమ్మ తల విరబోసుకుని ఆరబెట్టుకుంటూ, వేయించిన శెనక్కాయలు తింటోంది. సైకిలు టైరు పంక్చరై గోడకు ఆనుకుని ఉంది. నాయన తిడతాడనుకున్నాను. ఆయన గుడిసె ముందున్న బండ మీద కూలబడి, "ఉండావా" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ముగ్గురం ఆ మోపెడ్డు మీద ఇరుక్కుని వచ్చాం.

ఇంట్లో పెదనాయన కాచుక్కూచున్నాడు. అమ్మ తలుపు పక్కన నిలబడింది. "ఈ తూరి సెప్పాల్సిందే. యాడికి పోతా ఉండావు?" అన్నాడు.

"యాడికీ లేదు బావా" అంది అమ్మ.

"యాడికీ లేకుండా ఎవురన్నా పోతారా?"

"పోతా. బండి జాడ ఎటుంటే అటు పోతా. ఆయాసమొస్తే ఒకకాడ నిలబడుకుంటా. కొండ సూస్తా. మళ్ళీ వచ్చేస్తా."

"కొండ ఈణ్నించి కనపడదా?"

నాయన అప్పుడు మెల్లిగా, "నాకన్నా చెప్పుండకూడదా?" అన్నాడు. "మీరెప్పుడన్నా అడిగితిరా?" అంది అమ్మ. "అడగకూడదని గదా అడగలే" అన్నాడు నాయన. ఇద్దరి మొహాలూ చూడలేకపోయాను. అవ్వ మధ్యలో దూరి, "ఏదన్నా మొక్కుబడి ఉండాదేమో సెప్పమ్మే, మంగాపురం సామికో, ముక్కోటి ఈశ్వరుడికో" అని దారి చూపించింది. మొక్కు అనుంటే ఆ రాత్రికి గొడవ తీరిపోయేది, పెదనాయన కూడా చేతులు జోడించి లేచిపోయేవాడు. అమ్మ, "లేని మొక్కు ఎట్ట సెప్పేది అత్తా" అంది. పెదనాయన లేచి, రేపే ఆ సైకిలును టీచరమ్మ ఊరికి లారీలో వేసి పంపించేయాలన్నాడు. నాయన ఎదురు చెప్పలేదు. అమ్మ అన్నాలు వడ్డించింది, తను తినలేదు.

మర్నాడు నాయనే పోయి సైకిలు తెచ్చాడు, పంక్చరు వేయించాడు. లారీ ఎక్కించడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు, రేపు మాపు అంటూ నాలుగైదు రోజులు జరిపాడు. పెదనాయన తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అమ్మ పంచలోకి రావడమే మానేసింది. బయటికి పోవాలంటే పెరటి దారిన పోయేది. అవ్వ తిన్నె మీద కూర్చుని ఎవరినీ పలకరించకుండా ఏదో లెక్కేసుకుంటున్నట్టుండేది. మంగళవారం సాయంత్రం కొడుకులిద్దరినీ పిలిచి, "రేప్పొద్దు నేను పోతా దాంతో. యాడికి పోతాదో, ఏం సూస్తాదో సూసొచ్చి సెప్తా. ఆ పైన పంపిచ్చేది పంపిచ్చుకోండి. తాళంచెవి ఇట్టియ్యి" అంది. పెదనాయన మొదట నవ్వాడు. "నీ వయసేంది, ఆ క్యారేజీ మీద కూర్చునేదేంది, పడితే నడుం నిలవదు" అన్నాడు. అవ్వ చెయ్యి చాపి అట్లాగే ఉంచింది, తాళంచెవి పడేదాకా తియ్యలేదు.

బుధవారం అన్నాలయినాక క్యారేజీ మీద పాత బొంత మడిచి కట్టాం. అవ్వ తిన్నె మీంచే దాని మీదికి జరిగి, ఒక పక్కకు కాళ్ళు వేలాడేసి, ఒక చేత్తో సీటు కింద స్ప్రింగును, ఇంకో చేత్తో వక్కాకు సంచిని పట్టుకుంది. అమ్మ కొంగు బిగించి దోపుకుని హ్యాండిలు పట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళందరూ పనులు వదిలి గడపల్లోకి వచ్చారు, ఎవరూ ఏమీ అడగలేదు. సైకిలు రెండు వంకర్లు తిరిగి, సర్దుకుని, కోట మలుపు దాటింది. మేము సాయంత్రం దాకా చేసిన పనేమీ లేదు. పెదనాయన పనికి కూడా పోకుండా తిన్నె మీద అవ్వ చోట్లో కూర్చున్నాడు. నాయన తిరుపతికి పోలేదు. సైకిలు లారీకి పోతుందా ఉంటుందా అన్నది ఆ ముసలమ్మ నోట్లోంచి వచ్చే మాటను బట్టే ఉందని అందరికీ తెలుసు.

పొద్దు కొండ మీద ఉండగానే వచ్చారు. అవ్వ ముడి ఊడిపోయి తెల్లజుట్టంతా భుజాల మీద పడి ఉంది, తెల్లచీర సగం ఎర్రగా మారిపోయింది. నాయనా పెదనాయనా చెరో రెక్క పట్టుకుని దించారు. అవ్వ తిన్నె మీద చతికిలపడి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని, సంచి విప్పి ఆకుకు సున్నం రాయడం మొదలుపెట్టింది. పెదనాయనకు ఆగలేదు. "ఏమ్మా? ఏముండాది ఆడ?"

"ఏమీ లేదురా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు. శానా బాగుండాది" అని ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. పెదనాయన ఇంకేదో అడగబోయాడు. "ఇంగేం సెప్పమంటావు? బాగుండాదని సెప్తా ఉండా గదా. వచ్చే వారమూ పోతా" అంది. పెదనాయన కాసేపు ఆ ఎర్ర చీరను, ఆ మొహాన్ని చూశాడు. చివరికి సైకిలు తాళంచెవి ఎక్కడుందని కూడా అడక్కుండా తన వాకిట్లోకి పోయాడు. సైకిలు మా పంచలోనే ఉండిపోయింది. అవ్వ కాళ్ళు ఆడినంత కాలం బుధవారం మధ్యాహ్నం ఆ బొంత క్యారేజీ మీదికి ఎక్కుతూనే ఉండింది.

హారిక ఇదంతా విని, ఆ రోడ్డు చూడాలని పట్టుబట్టింది. మర్నాడు కారులో తీసుకుపోయాను. ఆ గ్రావెల్ ఇప్పుడు లేదు, నున్నటి తారు. మామిడి తోపుల్లో చాలా భాగం లేఅవుట్లయి, రాళ్ళు పాతి, గేట్లు పెట్టి ఉన్నాయి. ఒక్కో గేటు దగ్గర కాపలావాడు మా కారు ఆపి, "ఎక్కడికి పోవాల మేడం?" అని అడిగాడు. కొండ చూడ్డానికొచ్చామని చెప్తే ఎవరూ నమ్మలేదు, ప్లాటు కొనేవాళ్ళమనుకుని ధరలు చెప్పారు. హారికకు కోపమొచ్చింది, నాకు నవ్వొచ్చింది. ఈ పిల్ల జీతం తెచ్చుకుంటుంది, సైకిలు తనది, సెలవు తనది. తిరిగొచ్చి బొమ్మలు పెడితే వందమంది శభాష్ అంటారు. ఆ మాత్రం గాలి పీల్చుకోవడానికి మా అమ్మకు ఒక శాస్త్రం చాటు కావాల్సొచ్చింది, ఒక ముసలమ్మ నడుము కావాల్సొచ్చింది. నేను మాత్రం? ఉద్యోగం చేశాను, ఊళ్ళు తిరిగాను, పని లేకుండా ఒక్క మైలు పోలేదు. అమ్మ తర్వాత మా వంశంలో ఆ ధైర్యం మళ్ళీ ఈ పిల్లకే వచ్చిందని తలచుకుంటే సంతోషమేసింది, కాస్త అసూయ కూడా వేసింది. కారు వెనక్కి తిప్పుతుంటే హారిక, "అవ్వ అట్లా చెప్పినాక నాయనమ్మ ఏమంది? చాలా సంతోషపడుంటుంది గదా" అని అడిగింది.

సంతోషపడలేదు. అవ్వ ఆ మాట చెప్పి, పెదనాయన లేచిపోయినాక, నేను ఎగురుకుంటూ వంటింట్లోకి పోయాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. పొగ అనుకున్నాను. పొయ్యిలో పొగ లేదు, కట్టెలు బాగా మండుతున్నాయి. ఇంతలో అవ్వ నడుము పట్టుకుని కుంటుకుంటూ వేన్నీళ్ళ కోసం వచ్చి గడప దగ్గర ఆగింది. "ఏంటికేడుస్తావు? నిలబెట్టినా గదా నీ సైకిలు" అంది.

అమ్మ గరిటె వదలకుండానే, "నేను సెప్పిందీ అదే గదత్తా. అదే మాట. ఒక్కరన్నా నమ్మినారా?" అంది.

"నువ్వు కోడలివి, నువ్వు సెప్తే ఎట్ట నమ్మతారు? దానికే గదా నేను పోయింది" అంది అవ్వ. తలుపు చెక్క పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "నా కాలంలో నాతో పొయ్యొచ్చి సెప్పేదానికి ఎవురూ లేకపాయిరి" అంది.

అమ్మ సంగటి దించేసి, వేన్నీళ్ళు తోడి, అవ్వను పీట మీద కూర్చోబెట్టి నడుముకు కాపడం పెట్టింది.